పిచ్చి ఎవరిది? పేరు పెట్టేదెవరు?

భూమి, కూలి, దాడి, కేసు, కోర్టు. దళితుల బాధల గురించి ఈ లెక్కలు మనం చాలానే రాసుకున్నాం. ఆ బాధ మనసును ఏం చేస్తుంది, దానికి ఎవరు వైద్యం చేశారు, ఏ దృష్టితో చేశారు అన్న చరిత్రను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. ఇది తీరికగా చూసుకునే విషయం కాదు. ప్రాణాల మీదికొచ్చిన విషయం.

రెండు దారులు

ఉత్తరాంధ్రలో ఈ చరిత్ర విశాఖపట్నం పిచ్చాసుపత్రితో మొదలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1871లో దాన్ని తెరిచింది. అప్పటికి 1858 నాటి చట్టం అమల్లో ఉంది. వీధుల్లో తిరిగే పిచ్చివాళ్లను పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం పోలీసుల పని అని ఆ చట్టం చెప్పింది. 1912 చట్టం కూడా ఆ దారినే నడిచింది. వీధిలో దొరికేదెవరు? ఇల్లూ భూమీ లేనివాళ్లే గదా! మేడలున్న వాళ్ల పిచ్చి ఇంటి గుట్టుగా మిగిలింది. కూలివాడి పిచ్చి శాంతిభద్రతల సమస్య అయిపోయింది.

మాటల వైద్యం, అంటే సైకోథెరపీ, ఇంకో దారిన వచ్చింది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. అది చదువుకున్న పట్నవాసుల మధ్య పెరిగింది. ఒకరికి తాళం వేసిన గది, మరొకరికి కూర్చోబెట్టి వినే డాక్టరు. ఈ విభజనలో కులం కనిపించడం లేదంటే మనం చూడటం లేదనే అర్థం.

చోడవరం నుంచి విశాఖ సుమారు యాభై కిలోమీటర్లు. చెరకు తోటలో పనిచేసే మనిషి ఆ ఆసుపత్రికి పోవాలంటే ఒకరోజు కూలి వదులుకోవాలి, తోడు వచ్చినవాళ్ల కూలీ పోవాలి, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి. అందుకే మొదట భూతవైద్యుడు, తరవాత తాయెత్తు, ఆ తరవాత సారా. డాక్టరు ఎప్పుడూ చివరే.

తాళ్లతో కట్టిన చేతులు

చోడవరం మీదుగా పోయే భీమిలి-నర్సీపట్నం రోడ్డు చివర నర్సీపట్నం ఉంది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ సుధాకర్ మత్తువైద్యుడు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, వైద్యులకు మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడని పోలీసులు చెప్పారు. అక్కడి నుంచి ఆయన్ని చేర్చింది 1871 నాటి ఆ పిచ్చాసుపత్రిలోనే. మే 22న హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. తల్లి హైకోర్టు తలుపు తట్టాక జూన్‌లో ఆయన బయటకొచ్చారు. 2021 మేలో గుండెపోటుతో చనిపోయారు.

ఆయనకు జబ్బు ఉందా లేదా అన్నది ఇక్కడ మన ప్రశ్న కాదు. ఉంటే వైద్యం ఆయన హక్కు. నోరు విప్పిన దళితుడి విషయంలో పోలీసు, ఆసుపత్రి ఒకదాని వెనక ఒకటి ఎంత తేలిగ్గా వరసకట్టాయో చూడాలి. అప్పటికే 2017 మానసిక ఆరోగ్య చట్టం అమల్లో ఉంది. మనిషి సామాజిక, ఆర్థిక, రాజకీయ స్థితిని బట్టి మానసిక జబ్బును నిర్ణయించకూడదని దాని 3వ సెక్షన్ చెప్తుంది. కులం, మతం, లింగం, లైంగికత పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు 18వ సెక్షన్ ఇస్తుంది. చట్టం మారింది, అలవాటు మారలేదు.

ఎలాంటి వైద్యం కావాలి?

నేడు వాడుకలో ఉన్న కౌన్సెలింగ్‌లో ఒక పద్ధతి ఉంది. నీ ఆలోచన తప్పు, దాన్ని మార్చుకుంటే బాధ తగ్గుతుంది అంటుంది. కొన్ని జబ్బులకు అది బాగా పనిచేస్తుంది. కానీ "నన్ను తక్కువగా చూస్తున్నారు" అని హాస్టలు కుర్రాడు చెప్తే అది తప్పు ఆలోచనా? అది జరిగిన సంగతి. కౌన్సెలరు ముందు ఆ సంగతిని ఒప్పుకోవాలి. ఆ తరవాతే సమాజం చేసినదేదో, తాను మోస్తున్న సిగ్గు ఏదో విడదీసి చూపించాలి. నిద్రకు, భయానికి మందు కావాలంటే ఇవ్వాలి. కుటుంబాన్ని పిలవాలి, అవసరమైతే వకీలును కూడా కలపాలి. అన్ని పద్ధతులనూ కలుపుకుని, మనిషి గౌరవాన్ని ముందే ఒప్పుకునే వైద్యం అంటే ఇదే. ఫ్రాంజ్ ఫానన్ 1953 నుంచి 1956 దాకా అల్జీరియాలోని బ్లీదా ఆసుపత్రిలో పనిచేసి ఇదే తెలుసుకున్నాడు. మనిషిని వలస పాలన విరిచేస్తుంటే డాక్టరు దాన్ని చూడనట్టు వైద్యం చేయలేడు.

పిల్లల మాట. 2016 జనవరి 17న రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్నాడు. ఇలాంటి చావులకు "మానసిక బలహీనత" అని పేరు పెట్టడం మామూలైంది. ఆ పేరు సంస్థలను కాపాడుతుంది, పిల్లల్ని కాపాడదు.

జంటల మాట. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికారు. కులాంతర జంటలకు రక్షణ గృహాలు, హెల్ప్‌లైన్లు ఉండాలని అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి జంట కౌన్సెలింగ్‌కొస్తే "పెద్దలతో సర్దుకుపోండి" అనడం వైద్యం కాదు, కులం తరపు రాయబారం. స్త్రీ-పురుష జంటలు కాని వాళ్లకూ, హిజ్రాలకూ ఇదే వర్తిస్తుంది.

మనం అడగాల్సినవి

జిల్లా మానసిక ఆరోగ్య పథకం 1996లో మొదలైంది. దాని కింద చోడవరం ప్రభుత్వాసుపత్రిలో వారం వారం కౌన్సెలరు కూర్చోవాలని అడగాలి. సంక్షేమ హాస్టళ్లలో పిల్లల మాట వినే మనిషి ఉండాలి, ఆ మనిషి వార్డెనుకు జవాబుదారీ కాకూడదు. ఆ చదువు మాల, మాదిగ, రెల్లి పిల్లలు చదవాలి. వాళ్లకు సీటూ, ఉపకారవేతనమూ కావాలి. ఈలోగా 2022 నుంచి నడుస్తున్న టెలి-మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి పేట గోడ మీదా రాయించడం మన సంఘాలు రేపే చేయగల పని.

వైద్యం పోరాటానికి బదులు కాదు. పోరాడే మనిషి తెల్లారి లేచి నిలబడాలి గదా. అందుకు అది కావాలి.