ఇంకా ఏం పనిచేస్తోంది?

2010 నవంబర్ 4, ఉదయం పది గంటలు. సింగపూర్ చాంగీలో నేల వదిలి నాలుగు నిమిషాలైంది. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిగ్నీ కూర్చున్న ఎడమ సీట్లో ఇప్పుడు మీరున్నారు. సిడ్నీ వెళ్లే క్వాంటాస్ 32. రెండంతస్తుల ఎయిర్‌బస్ ఎ380. వెనక 440 మంది ప్రయాణికులు. కింద ఇండోనేషియా వాళ్ల బటామ్ దీవి. ఎత్తు ఏడు వేల అడుగులు.

ఢాం! వెంటనే మరొకటి.

సీటు అదురుతుంది. ముందు ఒక్క మీట నొక్కుతారు, విమానం ఇక పైకి ఎక్కకుండా. ఇంజిన్ల జోరు దానంతటదే తగ్గాలి. తగ్గదు. లీవర్లు మీరే వెనక్కి లాగుతారు. ఏం పేలిందో తర్వాత చూసుకోవచ్చు. ముందు విమానం నిలకడగా ఎగరాలి.

రెండో ఇంజిన్ పోయింది. మంట హెచ్చరిక వెలిగి, ఆరింది. ఇంజిన్ ఆపేస్తారు. మంటలార్పే మందు వదులుతారు. వెళ్లిందో లేదో ముందున్న తెర చెప్పదు. ఇంకోసారి. అదీ అంతే.

రేడియోలో ‘పాన్’ అంటారు. మేడేకి ఒక మెట్టు కిందిది. సింగపూర్‌కు తూర్పున గుండ్రంగా తిరుగుతూ పని మొదలుపెడతారు. హైడ్రాలిక్స్, కరెంటు, బ్రేకులు, ఇంధనం: హెచ్చరికలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. కుడి సీట్లోని కో-పైలట్ మ్యాట్ హిక్స్ ఒక్కొక్కటే చదువుతాడు, మీరు సరేనన్నాకే ముట్టుకుంటాడు. ఈ ఒక్క పనికే 50 నిమిషాలు పట్టింది. దిగిపోదామని ప్రాణం లాగుతుంటే అంతసేపు గాల్లోనే ఆగడానికి ఎంత గుండె కావాలి!

రెక్కల్లో ఇంధనం బరువు సమంగా లేదు. ఇటుదాన్ని అటు పంపమంటోంది తెర. తెర చెప్పింది చెయ్యమనే మీ శిక్షణ. ఈలోగా సెకండ్ ఆఫీసర్ క్యాబిన్‌లోకి వెళ్లి చూసొచ్చాడు. తోక మీది కెమెరా బొమ్మ ప్రయాణికుల తెరల మీద కనిపిస్తోంది. ఎడమ రెక్క నుంచి ఏదో ద్రవం కారుతోంది.

పంపుతారా? చిల్లిపడ్డ రెక్కలోకి?

పంపరు.

ఎన్ని పోయాయో లెక్కపెట్టడం కూడా అక్కడితో మానేస్తారు. ఇంకా ఏం పనిచేస్తోంది? చిన్న సెస్నా విమానం ఎగరడానికి ఏం కావాలో అవి ఉన్నాయా? ఉన్నాయి. ఇక దిగొచ్చు.

కానీ బరువు పరిమితికి మించి సుమారు 50 టన్నులు ఎక్కువ. రన్‌వే నాలుగు కిలోమీటర్లు. లెక్క వేస్తే చివర మిగిలేది వంద మీటర్లు.

చక్రాలు వాటి బరువుతోనే కిందికి జారతాయి. ‘స్పీడ్’ అని యంత్రం అరుస్తుంది. నేల దగ్గరవుతోంది. ‘స్టాల్’. చేయి వణకకూడదు. తాకింది. బ్రేకులు. ఒక్క ఇంజినే వెనక్కి తోస్తుంది. ఆగు. ఆగు.

ఆగింది. ఇంకో 150 మీటర్లే ఉంది.

బ్రేకులు 900 డిగ్రీలకు కాలుతున్నాయి. పక్కనే ఇంధనం ధారగా కారుతోంది. ఒకటో ఇంజిన్ ఆపినా ఆగదు. ఎగిరిన ముక్కలు రెక్కలోని వైర్లను తెంపేశాయి. జారుడుబల్లలు తెరచి అందర్నీ దూకించాలా? కాళ్లు విరగొచ్చు. కింద ఇంధనం మడుగు, పక్కన తిరుగుతున్న ఇంజిన్. లోపల మంట లేదు. అందర్నీ లోపలే కూర్చోబెడతారు. అగ్నిమాపక సిబ్బంది నురగ చల్లుతుంటారు. దాదాపు గంటకు కుడివైపు ఒక్క తలుపు తెరుచుకుంటుంది. మెట్ల మీదుగా ఒక్కొక్కరే దిగుతారు. ఒక్కరికీ గీత పడలేదు. ఒకటో ఇంజిన్‌ను నురగలో ముంచి ఆపేసరికి మూడు గంటలు దాటింది.

అసలు ఎందుకు పేలింది? ఆస్ట్రేలియా దర్యాప్తు తర్వాత తేల్చింది. ఇంజిన్‌లోని చిన్న నూనె గొట్టానికి రంధ్రం నడిమధ్యన కాకుండా పక్కకు పడింది. ఒకవైపు గోడ పల్చబడి చిట్లింది, నూనె కారి అంటుకుంది, టర్బైన్ చక్రం పగిలి రెక్కను చీల్చింది.

ఇవేవీ మీకింకా తెలియవు. టెర్మినల్లో ప్రయాణికులు ఎదురు చూస్తున్నారు. వాళ్ల దగ్గరికి నడుస్తారు. జరిగింది జరిగినట్టు చెబుతారు, ఎప్పుడైనా ఫోన్ చెయ్యమని మీ సొంత నంబరు ఇస్తారు.