గోడకి ఎదురు నిలిచిన మైకు

1974 మార్చి 23. శాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న డేలీ సిటీ. పొగమంచుకీ చలిగాలికీ పేరుబడ్డ ఊరు. కౌ ప్యాలెస్ హాల్లోకి జనం తోసుకొస్తున్నారు. స్టేజి మీద గోడ. స్పీకర్ల గోడ. మూడంతస్తుల ఎత్తున పేర్చిన ఆరొందల దాకా స్పీకర్లు, వాటిని మోగించడానికి 48 మెకింతోష్ యాంప్లిఫయర్లు, మొత్తం 26,000 వాట్లు దాటిన పవరు, ఇదంతా పాడేవాళ్ల వీపు వెనకే ఉంది. వాళ్ల మూతి ముందు చూస్తే వేలెడంత మైకులు. అవి కూత పెట్టాయా, ఆ రాత్రి ఇక అంతే.

బ్యాండు పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. ఆ కచేరీకి పెట్టిన పేరే 'సౌండ్ టెస్ట్'. వేలమంది ముందు పరీక్ష. అంతకు ముందు ఏడాది జరిగింది ఎవరూ మర్చిపోలేదు.

1973 ఫిబ్రవరి 9. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, మేపుల్స్ పెవిలియన్. కొత్త సౌండు సిస్టం మొదటిసారి బయటికి వచ్చింది. మొదటి పాట ఎత్తుకున్నారు. అంతే. కీచు స్వరాలు పలికించే కొత్త ట్వీటర్లు కాలిపోయాయి. నెలల కష్టం క్షణాల్లో బూడిద. అయినా ఆ పిచ్చి వదల్లేదు. వదలనివ్వని మనిషి ఒకడున్నాడు.

ఔస్లీ స్టాన్లీ. అందరూ పిలిచేది 'బేర్' అని. మత్తుమందు కేసులో జైలుకెళ్లి 1972లో బయటికొచ్చాడు. వస్తూనే మళ్లీ బ్యాండు సౌండు మీద పడ్డాడు. అప్పటి పద్ధతిలో జనానికి ఒక సౌండు, స్టేజి మీదున్న వాళ్లకి ఇంకో సౌండు. డ్రమ్ముల హోరులో పాడేవాళ్లకి తమ గొంతు తమకే సరిగా వినపడదు. వినపడకపోతే శ్రుతి తప్పుతుంది. పాడేవాడు వినేదే జనమూ వినాలన్నది బేర్ పట్టు. అలాగైతే స్పీకర్లన్నీ పాడేవాళ్ల వెనకే నిలబడాలి. అలెంబిక్ సంస్థ ఇంజినీరు రాన్ వికర్‌షామ్, సౌండు మనిషి డాన్ హీలీ తోడయ్యారు. బ్యాండులో బేస్ వాయించే లెష్ గిటారులో ఒక్కో తీగకి ఒక్కో స్పీకర్ల వరస ఇవ్వగలిగేంత దూరం వెళ్లారు. వాయిద్యాల సంగతి తేలింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది.

పందిట్లో మైకు కీచుమంటే చెవులు మూసుకోని వాళ్లం ఎవరం? స్పీకరులోంచి వచ్చిన మోత మళ్లీ మైకులో దూరుతుంది, పెరుగుతుంది, మళ్లీ స్పీకరుకెక్కుతుంది, మళ్లీ మైకులో పడుతుంది, అలా తిరిగి తిరిగి చివరికి ఒక్క కూతై హాలంతా చీల్చేస్తుంది. దీనికి మందు అప్పటికే మార్కెట్లో ఉంది. 1966లో షూర్ కంపెనీ తెచ్చిన ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు. ముందు నుంచి వచ్చేది పట్టుకుంటుంది, వెనక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది. కానీ ఇక్కడ గోడ ఉన్నది మైకు వెనక కాదు. పాడేవాడి వెనక. అంటే మైకు ముఖానికి సూటిగా ఎదురు. మైకు చెవి ఒగ్గి వినే దిక్కునే 26,000 వాట్లు!

ఒక్క మైకు వల్ల కాదు. రెండు కావాలి.

బ్రూయెల్ అండ్ కేయర్ కంపెనీ మైకులు తెచ్చారు. సౌండుని కొలవడానికి ప్రయోగశాలల్లో వాడే రకం. ఒకదానికొకటి అచ్చంగా సరిపోయే జతలు ఏరారు. ఒకదాని కింద ఒకటి, మధ్య 60 మిల్లీమీటర్ల ఎడంతో బిగించారు. ఒకదాని కనెక్షను తిరగేశారు. ఇప్పుడు గోడ మోత రెండు మైకులకీ దాదాపు ఒకేలా అందుతుంది. ఒకటి కూడుతుంది, రెండోది తీసేస్తుంది. మిగిలేది దాదాపు సున్నా. గొంతు మాత్రం పెదాలకి ఆనుకున్న పై మైకులోనే బలంగా పడుతుంది కాబట్టి బతికి బయటపడుతుంది. కాగితం మీద లెక్క కుదిరింది. స్టేజి మీద?

కౌ ప్యాలెస్‌లో దీపాలు తగ్గాయి. బ్యాండులో పాడేవాళ్లు గార్సియా, వీర్, లెష్, డోనా జీన్ గాడ్‌షా మైకుల ముందుకొచ్చారు. గోడ మోగింది. ఛాతీలో దడ పుట్టించే బేస్ నడుస్తుండగా ఆ మోతకి అడ్డంగా నిలబడి పాడారు.

మైకులు నిలబడ్డాయి. గొంతు బయటికొచ్చింది.

దానికి మూల్యమూ ఉంది. పెదవి పై మైకుని అంటిపెట్టుకునే ఉండాలి. తల కాస్త తిప్పినా, వెనక్కి జరిగినా గొంతు రెండు మైకుల్లోనూ సమానంగా పడి మోతతో పాటే మాయమైపోతుంది. దగ్గరగా పాడినా గొంతులోని కింది స్వరాల బరువు కొంత తీసివేతలో పోతుంది. అందుకే ఆ ఏడాది టేపుల్లో వాయిద్యాలు నిండుగా పలుకుతుంటే గొంతులు పల్చగా వినిపిస్తాయి. కూత లేకుండా చేయగలిగారు గానీ గొంతుకి నిండుదనం ఇవ్వలేకపోయారు. ఇంత గొప్ప ఏర్పాటులో నాసిగా మిగిలింది అదొక్కటే.

డెబ్బై అయిదు టన్నుల సామాను, లారీలు, ఊరూరా ముందే కట్టాల్సిన స్టేజీలు. ఖర్చు పీకలదాకా వచ్చింది. అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో అయిదు రాత్రులు వాయించారు. 20వ తేదీతో ఊళ్లు తిరగడం ఆపేశారు. 1976లో మళ్లీ ఊళ్లు తిరగడం మొదలెట్టినా ఆ గోడ మాత్రం మళ్లీ లేవలేదు.

ఆ గోడ లేకపోయినా కూత బెడద మనకీ ఉంది. మీ బ్యాండుకి మైకు కొంటున్నారా? షాపులో 'హలో, చెక్' అని చూసి డబ్బులు కట్టకండి. రిహార్సల్‌కి తెప్పించుకుని, డ్రమ్ములు మోగుతుండగా, మానిటర్ (పాడేవాళ్లకి తమ గొంతు వినిపించే స్పీకరు) తెరిచి పాడి చూడండి. కార్డియాయిడ్ అయితే మానిటర్ నేరుగా మైకు తోక వైపు పెట్టండి. ముందు వైపే ఇంకా ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ రకం అయితే కాస్త పక్కకి జరపండి. పాడేటప్పుడు మైకు తలని గుప్పిట్లో మూయకండి. వెనక మోతని వదిలించే సందులు అక్కడే ఉంటాయి. అవి మూసుకుంటే ఎంత ఖరీదైన మైకైనా కూత పెడుతుంది.