రాజుగారు టైప్ చేస్తున్నారు

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. కరెంటు పోయి పావుగంటైంది. కొత్తపేటలో మా ఇంటి అరుగు మీద చాప పరుచుకుని కూర్చున్నాను. ఎదుటి దొడ్లో ఎండిన కొబ్బరి మట్ట ధబ్బున రాలింది. కుక్క ఒక్కసారి మొరిగి ఊరుకుంది. అరటి గెలల లారీ ఒకటి రావులపాలెం వైపు మూలుగుతూ పోతోంది. చేతిలో ఫోను, అందులో ముప్పై శాతం ఛార్జింగు. తెర అడుగున చిన్న అక్షరాలు: రాజుగారు టైప్ చేస్తున్నారు.

రాజుగారు ఉండేది డల్లాస్‌లో. అక్కడిప్పుడు పొద్దున్న పదకొండు. ఐదు నిమిషాలుగా రాస్తున్నారు, ఆపుతున్నారు, మళ్లీ రాస్తున్నారు. నాకు గొంతు తడారిపోతోంది. ఎందుకంటే ఈ రాత్రి నేను అర్చకుణ్ణి, నా తల రాజుగారి చేతిలో ఉంది.

మేం నలుగురం. తలొక వేషం కట్టి, ఫోనులో రాసుకుంటూ ఆడుతున్నది పలివెల కథ. మా కొత్తపేట పక్కనే పలివెలలో ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడి శివలింగానికి కొప్పుంటుంది. అది ఎలా వచ్చిందో ఈ చుట్టుపక్కల మామ్మలందరూ చెబుతారు. అర్చకుడు స్వామికి వెయ్యాల్సిన పూలు ముందు తన ప్రియురాలి తలలో తురిమేవాడు. ఒకనాడు ప్రసాదంలో పొడుగాటి వెంట్రుక రాజు కంటపడింది. ఇదేమిటని అడిగితే, మా స్వామికి జుట్టుంది మహారాజా అనేశాడు. అయితే రేపొచ్చి చూస్తానన్నాడు రాజు. ఆ రాత్రంతా అర్చకుడు స్వామి ముందు పడి ఏడ్చాడు. తెల్లారేసరికి లింగానికి కొప్పు వచ్చింది.

మేం ఆడేది వెంట్రుక దొరికిన ఆ పగలూ, ఆ రాత్రీ మాత్రమే. మూడు వారాలైంది, మాకింకా తెల్లారలేదు.

ఫోను వణికింది. రాజుగారు కాదు. రాజోలు తమ్ముడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు, కథలో భటుడు. వాడి రాత అంతా రెండు చుక్క గుర్తుల మధ్య ఉంటుంది: *కత్తి దూస్తాడు*. అంతే. పది సెకన్లలో ఇంకోటి: *గుడి తలుపు తంతాడు*. జీటీఏ ఆటలో పోలీసు, దొంగ వేషాలు కట్టి గొంతుతోనే మాట్లాడుకునే చోట పెరిగిన పిల్లాడు. వాడికి ఆలస్యమంటే ఊపిరాడదు. ఆ ఉరుకులో అందమే లేదని నేననను. నలుగురూ ఒకేసారి పైబడి రాస్తుంటే తిరనాళ్లలో ఉన్నట్టుంటుంది. నాకు మాత్రం రెండు నిమిషాల్లో అలసట వస్తుంది. ఎవరు ఏం తలుచుకుని కత్తి దూశారో తెలియకుండానే యుద్ధం అయిపోతుంది.

రాజు వేషం కట్టిన డల్లాస్ అన్నయ్యది మరో దారి. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను అక్కడి స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని ఆడి వచ్చారు. అర్చకుడి అబద్ధం పండుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్పాలన్నది ఆయన కోరిక. నేను ఒప్పుకోలేదు. పాచిక మీద పదిహేడు పడితే రాజు నమ్ముతాడు, నిజమే. కానీ నమ్మేముందు రాజు మొహంలో ఏం కదిలిందో పాచిక చెప్పదు. ఆయన రెండు రోజులు మౌనంగా ఉండి, "సరే, ఈ కథకు పాచికలొద్దు" అన్నారు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

బొమ్మలు లేకుండా అక్షరాలతోనే ఇలా కలిసి ఆడుకోవడం పాతదే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు 'మడ్' అనే ఆట కట్టారు. నువ్వు ఫలానా చోట నిలబడి ఉన్నావు, ఇటు దారి ఉంది అని తెర చెబుతుంది. ఆ భాషలో అందరికీ ఒకటే 'యూ'. రాజుకైనా భటుడికైనా అదే మాట. తెలుగులో ఆడదామని కూర్చున్న మొదటి రోజే మాకు చిక్కొచ్చింది. నువ్వా, మీరా? లేచాడా, లేచారా? వాడా, అతనా, ఆయనా? ఒక్క క్రియ రాయాలన్నా ఆ మనిషి నా కళ్లలో ఎంత ఎత్తున ఉన్నాడో తేల్చుకోక తప్పదు.

నేను ప్రథమ పురుషలో రాయడానికి ఇష్టపడేది అందుకే. 'నేను' అని రాస్తే ఆ తూకం కనబడదు. పూలసజ్జ పట్టుకుని గుడి మెట్లెక్కేటప్పుడు నా అర్చకుడు 'ఆయన'. వెంట్రుక బయటపడిన క్షణాన 'అతను' అయ్యాడు. నిన్న రాత్రి గర్భగుడి గచ్చు మీద బోర్లా పడ్డప్పుడు 'వాడు' అని రాశాను. రాసి, ఆ మాట వంక చాలాసేపు చూశాను.

"ఇంకా పడుకోలేదేంటే?" లోపలి నుంచి మామ్మ.

"వస్తున్నా మామ్మా, రాజుగారు జవాబివ్వాలి."

"ఏ రాజుగారే?"

మా తాతయ్య ఉండి ఉంటే ఈ ప్రశ్న అడిగేవాడు కాదు. ఆయనది పద్యనాటకాల కాలం. తిరుపతి వేంకట కవుల పద్యాలతో కురుక్షేత్రం రాత్రంతా నడిచేది. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వచ్చేవారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. మనిషి మారినా కృష్ణుడు కృష్ణుడే, జనానికి అందులో ఇబ్బంది లేదు. వాళ్ల పట్టింపంతా పద్ధతి మీద. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడా, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడా? పద్యం చివర రాగం ఎంతసేపు తీయాలి? రాగాల పక్షం వాళ్లు వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. తాతయ్య బళ్ళారి రాఘవ మాట పట్టుకున్నవాడు: పాత్ర బాధ కనబడాలి, పాట దాన్ని కప్పెయ్యకూడదు. నేను పొడుగాటి వర్ణన రాసి మురిసిపోయిన రోజున నాకు తాతయ్యే గుర్తొస్తాడు. సగం కొట్టేస్తాను.

ఐదారు వాక్యాలు రాయడం, చివర అవతలివాళ్లకు అందేలా ఏదో ఒకటి వదలడం, ఆగడం. నాకు తెలిసిన ఆట ఇదే. బుర్రకథలో కథకుడు మాట ఎక్కడ విడుస్తాడో వంతలకు తెలుసు, వాళ్లు అక్కడే అందుకుంటారు. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు మేం వేరే కథలో ఉన్నాం. నెట్ తిరిగి వచ్చాక చూస్తే అన్నయ్య వదిలిన వాక్యం అలాగే ఉంది, రేవులో పడవ ఎక్కబోతూ ఒక మనిషి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను అక్కణ్ణుంచే అందుకున్నాను.

మళ్లీ వణికింది. *అర్చకుడు భటుడి కాళ్ల మీద పడి ఏడుస్తాడు*.

నా చేతులు చల్లబడ్డాయి. నా మనిషిని వేరొకరు కదిపారు. కథ బయటి మాటలకు వాడే బ్రాకెట్లు తెరిచి రాశాను: (తమ్ముడూ, నా అర్చకుడు ఏం చెయ్యాలో నేనే చెప్పాలమ్మా. నీ భటుడు ఏం చేశాడో చెప్పు.)

కాసేపు ఏమీ లేదు. కాలవలో కప్పల మోత.

(సారీ అక్కా. ఆయ్, మారుస్తానండి.)

తర్వాత ఇది వచ్చింది: భటుడు కాగడాను నేలలో గుచ్చాడు. గుమ్మం పక్కనే కూర్చున్నాడు. లోపలి ఏడుపు వినబడకుండా చెవులు మూసుకోవాలనుకున్నాడు గానీ, ఉద్యోగం వినడమే కదా.

రెండుసార్లు చదివాను. చుక్కలు లేవు. తమ్ముడే రాశాడు.

రాజుగారి రాత ఆగింది. ఆయన పంపింది ఒక్క వాక్యం: రాజు నిద్రపోలేదు, కోట కిటికీలోంచి పలివెల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఐదు నిమిషాలు రాసి ఆయన ఎంత కొట్టేశారో నాకు తెలుసు.

ఇప్పుడు నా వంతు అనుకుంటూ ఉండగానే నాలుగో పేరు వెలిగింది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. కట్టింది ప్రియురాలి వేషం. స్థానం నరసింహారావు సత్యభామను చూసి పెద్దవాళ్లు ఎలా మైమరచిపోయారో విని పెరిగాం కనుక, ఆ వేషం మగమనిషి కట్టడం మాలో ఎవరికీ వింత కాలేదు. మామ్మ చెప్పే కథలో ఆవిడకు ఒక్క మాటా లేదు. వెంట్రుక మటుకే ఆవిడది. మూడు వారాలుగా ఆయన కూడా ఏమీ రాయలేదు.

ఛార్జింగు తొమ్మిది శాతం. తెర వెలుగు తగ్గించి చదివాను.

దీపం ముందు కూర్చుని ఆవిడ తల దువ్వుకుంటోంది. దువ్వెన పళ్లలో చిక్కిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టింది. రోజూ అయితే ఉండ చుట్టి పెరట్లోకి విసిరేసేది. ఈ రాత్రి విసరలేదు. కొంగున ముడి వేసుకుంది. గుడి వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆయన భోంచేశారో లేదో అనుకుంది.