హైదరాబాద్ రంజీ జట్టు పునర్నిర్మాణం: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల స్థానం

పడిపోయిన పెద్ద జట్టును కింది స్థాయిలో పెంచుకున్న కుర్రాళ్లతోనే మళ్లీ నిలబెట్టడం అమెరికా బేస్‌బాల్‌లో దాదాపు నూరేళ్ల నాటి పద్ధతి. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను నడిపిన బ్రాంచ్ రిక్కీ చిన్న ఊళ్ల జట్లను చేతిలోకి తెచ్చుకుని, వాటిని తన జట్టుకు నారుమళ్లుగా మార్చాడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011 నుంచి వరసగా మూడు సీజన్లు ఒక్కోదాంట్లో నూరుకు పైగా మ్యాచ్‌లు ఓడింది. ఇదే దారిలో కోలుకుని 2017లో టైటిల్ కొట్టింది. తెలంగాణలో ఈ పద్ధతికి దగ్గరగా వచ్చి, సగంలో ఆగిన ఉదాహరణ హైదరాబాద్ రంజీ జట్టు.

హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ 1934లో ఏర్పడింది. దాని జట్టు 1937-38 ఫైనల్లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి తొలి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఎడుల్జీ ఐబరా 137 పరుగులతో అజేయంగా నిలిచాడు. రెండో ట్రోఫీ కోసం 1986-87 వరకు ఆగాల్సి వచ్చింది. అప్పటి కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. మూడోది ఇంతవరకు రాలేదు.

సంఘం పేరులో ఉన్నది నగరమే అయినా దాని పరిధిలో తెలంగాణ అంతా ఉంది. కానీ ఓటున్న సభ్యులు రెండు వందలకు పైగా ఉంటే, వాటిలో అత్యధికం జంటనగరాల క్లబ్బులే. కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి పాత జిల్లాలకు ఒక్కో ఓటు. 2016లో కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ విడివడ్డాయి. ప్రభుత్వ పటం మారినా క్రికెట్ పటంలో లెక్క పాత జిల్లాలదే. ఎంపికలకు కొలమానం నగర లీగ్ కాబట్టి కరీంనగర్ కుర్రాడు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ కుర్రాడు దాదాపు 300 కిలోమీటర్లు దాటి పట్నంలో ఏదో ఒక క్లబ్బులో చోటు వెతుక్కోవాలి. ఇంటద్దె, కిట్టు, తిండి ఖర్చు తల్లిదండ్రులదే.

దూరం ఒక్కటే కాదు, పిచ్ కూడా అడ్డే. జిల్లాల్లో చాలామంది టెన్నిస్ బంతితో మొదలుపెట్టి, తర్వాత కొబ్బరి పీచు మ్యాటింగ్ మీదికి వస్తారు. మ్యాటింగ్ మీద బంతి నిలువునా లేస్తుంది, అందుకే బ్యాటర్ వెనక కాలి మీద ఆడటం మరుగుతాడు. టర్ఫ్ మీద అదే లెంగ్త్ బంతి కిందుగా వచ్చి ప్యాడ్‌కు తగులుతుంది. మ్యాట్ చిరుగుతుందని బౌలర్లు మేకుల బూట్లు వేసుకోరు, దాంతో టర్ఫ్ మీద మొదటిసారి పరుగెత్తినప్పుడు అడుగుల లెక్కే తప్పుతుంది. రెండు రోజుల సెలక్షన్స్‌లో ఈ తేడా సర్దుకునే తీరిక ఎవరికీ ఉండదు.

జిల్లాలకు కాస్త గుర్తింపు 2018 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటి అధ్యక్షుడు జి. వివేక్ తన తండ్రి వెంకటస్వామి పేరిట తెలంగాణ టీ20 లీగ్ జరిపించారు. వివేక్ అంతకుముందు పెద్దపల్లి ఎంపీ, అంటే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఓటర్లను దగ్గరగా ఎరిగిన మనిషి. ఆ లీగ్‌లో రెండు జిల్లాల పేర్లతోనూ జట్లు దిగాయి. లీగ్ ఏటా నిలదొక్కుకోలేదు. ఒక్క సీజన్‌తో ఆటగాడు తయారు కాడు.

పతనం 2022-23లో పూర్తయింది. రంజీ పై అంచె అయిన ఎలైట్ గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా గెలవని హైదరాబాద్ కింది అంచె అయిన ప్లేట్ గ్రూపుకు దిగజారింది. ఆ సీజన్ ముగిసే రోజుల్లోనే, 2023 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు సంఘం వ్యవహారాలను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు చేతిలో పెట్టింది. ఒకే కుటుంబం చేతిలో పలు క్లబ్బులున్న తీరును తప్పుపట్టి ఆయన 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఎన్నికలు జరిగాయి.

మైదానంలో కోలుకోవడం వేగంగానే జరిగింది. తిలక్ వర్మ నాయకత్వంలో 2023-24 ప్లేట్ ఫైనల్లో మేఘాలయను అయిదు వికెట్లతో ఓడించి జట్టు ఎలైట్‌కు తిరిగొచ్చింది. అరుణాచల్‌ప్రదేశ్‌పై తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి, 181 బంతుల్లో 366 చేశాడు. అందులో 26 సిక్సర్లు. ప్రత్యర్థి బలహీనమైనదే అయినా ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అది అత్యంత వేగవంతమైన ట్రిపుల్ సెంచరీ. కాకపోతే ఇది నగర లీగ్‌లో అప్పటికే ఉన్నవారితో సాధించిన ఎదుగుదల. జిల్లాల నుంచి కొత్త నీరు వచ్చి నిండింది కాదు.

పక్కనే ఆంధ్ర మరో దారిలో నడిచింది. అక్కడ ఓటు బలం మొదటి నుంచీ జిల్లా సంఘాలదే. ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా వయసు వారీ పోటీలు, వాటికి తోడు అకాడమీలు. గుంటూరు నుంచి షేక్ రషీద్, విశాఖ నుంచి నితీశ్ కుమార్ రెడ్డి అలా పైకొచ్చినవాళ్లే. రంజీ ట్రోఫీ ఆంధ్రకు ఇంకా దక్కలేదు గానీ, ఆటగాడి కోసం వెతికే చోట్లు మాత్రం అక్కడ ఎక్కువ.

ఇటు తెలంగాణలో, కరీంనగర్ జిల్లా మూలాలున్న బ్యాటర్ పేరాల అమన్ రావును 2025 డిసెంబరు ఐపీఎల్ వేలంలో రాజస్థాన్ రాయల్స్ తీసుకుంది. ఆ మరుసటి నెలలోనే విజయ్ హజారే ట్రోఫీలో బెంగాల్‌పై అతను 200 పరుగులతో అజేయంగా నిలిచాడు. అతను ఆటలో రాటుదేలింది మాత్రం హైదరాబాద్‌లో.