మత్తడి చూపే హద్దు

హైదరాబాద్ శివారులోని మా బహదూర్‌పల్లి నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం. బడికి సెలవులు రాగానే మా కాలనీల వాళ్లు చాలామంది విశాఖ, భీమిలి దారి పడతారు. లైట్‌హౌస్ ముందు ఫొటో దిగి వస్తారు. ఆ తీరంలోనే, విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర, 1847 నాటి దీపస్తంభం ఉంది. శాంతపల్లి రాళ్లకు ఓడలు తగలకూడదని అప్పట్లో దాన్ని కట్టారు. ఇటు రావద్దని చీకట్లో చెప్పడమే దాని ఉద్యోగం.

సముద్రం లేని మా వైపు కూడా ఆ ఉద్యోగం చేసే కట్టడాలు ఉన్నాయి. అవి చెరువుల మత్తడులు. వాటిని చూడటానికి టికెట్ లేదు, చూసేవాళ్లూ లేరు.

మాది రాతి నేల. ఏడాది పొడుగునా పారే నది దగ్గర్లో లేదు. నాలుగు నెలల వానను మిగతా ఎనిమిది నెలలకు దాచుకోవాలంటే చెరువే దిక్కు. అందుకే కాకతీయుల కాలం నుంచి అసఫ్‌జాహీల దాకా తెలంగాణ పాలకులంతా వాలు చూసి కట్టలు పోశారు. పై కుంట నిండితే ఆ నీళ్లు కింది చెరువుకు, అదీ నిండితే ఇంకా కిందికి. కట్ట నీటిని ఆపుతుంది, తూము పొలానికి వదులుతుంది. మత్తడిని కట్ట కంటే తక్కువ ఎత్తులో కడతారు. ఎక్కువైన నీళ్లు దాని మీదుగా దుంకిపోతేనే కట్ట తెగకుండా నిలుస్తుంది. చెరువు ఎంతవరకు పరుచుకోవాలో తేల్చేదీ ఆ మత్తడి ఎత్తే. ఆ గీతకు లోపలిది శిఖం భూమి. ఇప్పటి కాగితాల్లో గీత పేరు ఎఫ్‌టీఎల్.

మాకు దగ్గర్లో చూడదగ్గది ఫాక్స్‌సాగర్. కొంపల్లి, జీడిమెట్లల మధ్య ఉంటుంది. పాతవాళ్లకు అది కొల్ల చెరువు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, 1897లో కట్టారు. దూలపల్లి అడవి పక్కగా వెళ్లి పొద్దువాలే వేళ కట్ట మీద నిలబడితే కొంగలు, నీటికోళ్లు కనిపిస్తాయి. మరోవైపు జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఇంకాస్త పచ్చదనం కావాలంటే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట పెద్ద చెరువు, దాని చెంతనే జవహర్ జింకల పార్కు ఉన్నాయి. ఆదివారం పిల్లలతో వెళ్లడానికి అది మంచి చోటు.

చరిత్ర కావాలంటే మాత్రం సూరారం పోవాలి. అక్కడ కట్ట మైసమ్మ గుడి ఉంది. సంక్రాంతి రోజుల్లో జరిగే జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. తెలంగాణలో చెరువు ఉన్న ప్రతి చోటా ఇంచుమించు ఒక మైసమ్మ ఉంటుంది, అదీ కట్ట మీదే. అమ్మవారు కట్టను కాస్తుందని నమ్మకం. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. బోనం ఎత్తుకుని ఊరంతా కట్ట మీద నడిచిందంటే, ఎక్కడ కుంగిందో, ఎక్కడ ఊట పుట్టిందో ఎవరో ఒకరి కంట పడక తప్పదు.

ఇప్పుడు ఆ కళ్లు కరువయ్యాయి. తూము తీసే నీరటికి పని లేదు, ఎందుకంటే ఆయకట్టులో ఇళ్లు లేచాయి. మా ఊరికి టెక్ మహీంద్రా వచ్చింది, మహీంద్రా విశ్వవిద్యాలయం వచ్చింది. పంచాయతీ పోయి 2018లో దుండిగల్ మున్సిపాలిటీ వచ్చింది. కొలువులొచ్చాయి, రోడ్లు పడ్డాయి, ఎవరికీ చేదు కాలేదు. అయితే చెరువు నీళ్లతో బతికిన రైతుకు మత్తడి ఎత్తు నోటికి వచ్చు. బోరు మీద, ట్యాంకర్ మీద బతికే మాకు మత్తడి ఎటువైపు ఉందో కూడా తెలియదు.

2020 అక్టోబరులో అది తెలిసివచ్చింది. 13వ తేదీ కురిసిన కుండపోతకు ఫాక్స్‌సాగర్ పొంగింది. ఉమామహేశ్వర కాలనీ మునిగి, నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. మనుషులను పడవల్లో బయటికి తెచ్చారు. చెరువు కొత్తగా ఎక్కడికీ రాలేదు. నిండినప్పుడు తనకు కావలసిన చోటికే వచ్చింది.

పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి ముప్ఫై మీటర్లు బఫర్ వదలాలని నిబంధన ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఈ మాటలు ఇంటింటా వినిపిస్తున్నాయి. కానీ కూల్చివేతల రోజు నేర్చుకునే పాఠం ఖరీదైనది. మా వైపు ప్లాటు చూడటానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బయానా ఇచ్చే ముందు ఒక వానాకాలపు సాయంత్రం దగ్గరి చెరువు కట్ట ఎక్కండి. మత్తడి ఎక్కడుందో అడగండి. దాని ఎత్తు నుంచి చూపును అడ్డంగా సాగదీసి, మీకు చూపించిన ప్లాటు ఆ గీతకు పైనుందో కిందుందో చూసుకోండి. కిందుంటే, బ్రోకర్ ఎన్ని కాగితాలు తీసినా వెనక్కి వచ్చేయండి.