కుట్టు మిషన్ నుంచి చిప్ దాకా రక్తనాళం

నూజివీడు మామిడి సీమ అంచున ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా పాతుకుపోయింది. డయాలసిస్ కావాలంటే చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేస్తారు. సిరలు పనికిరాకపోతే ప్లాస్టిక్ గొట్టం అతుకుతారు. మామూలు రోగికి తెలిసే కృత్రిమ రక్తనాళం అదే.

ఈ విద్యకు మూలం అక్షరాలా కుట్టుపనే. ఫ్రాన్సులో అలెక్సీ కారెల్ ఎంబ్రాయిడరీ పనిమంతురాలి దగ్గర సూది పట్టడం నేర్చుకుని, 1902లో నాళాలను అతికే పద్ధతి ప్రకటించాడు. 1912లో నోబెల్ అందుకున్నాడు. 1952లో ఆర్థర్ వూర్‌హీస్ వినియాన్ గుడ్డతో చేసిన నాళాల ఫలితాలు వెల్లడించాడు. ఆ వెనకే హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ తన భార్య కుట్టు మిషన్ మీద డాక్రాన్ గుడ్డ గొట్టాలు కుట్టాడు. పెద్ద నాళాల బాధ దాదాపు తీరింది.

చిక్కంతా సన్నవాటితోనే. వ్యాసం 6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ప్లాస్టిక్‌లో రక్తం తొందరగా గడ్డకడుతుంది. 1986లో వైన్‌బర్గ్, బెల్ కణాలతోనే నాళం పెంచారు గానీ, దానికి బలం చాలక డాక్రాన్ వల చుట్టాల్సి వచ్చింది. ఇక కేశనాళికలైతే 5 నుంచి 10 మైక్రాన్లే. చాలా అవయవాల్లో కణానికి సుమారు 200 మైక్రాన్ల లోపు రక్తం పారకపోతే అది బతకదు. తోటలో మెయిన్ పైపు ఎంత లావున్నా, డ్రిప్ చుక్క చెట్టు మొదట్లో పడాలి కదా!

సన్న కాలువల్లో ద్రవాలను నడిపే విద్య మైక్రోఫ్లూయిడిక్స్. అది అందుకున్నది ఈ కొసనే. 1990ల్లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం సిలికాన్ రబ్బరును మూసపోసి వెంట్రుకంత కాలువలున్న చిప్‌లు చేయడం సులువు చేసింది. ఆ కాలువల గోడలకు నాళాల లోపొర కణాలను పెంచి ద్రవం పారిస్తే, ఒరిపిడికి అవి ప్రవాహం వెంట సర్దుకుంటాయి. కదలని ద్రవంలో పెంచితే ఆ గుణం కనిపించదు. 2013లో టోక్యోలో షోజి టకేఉచి బృందం ఒకదానిలో ఒకటి దూర్చిన సన్న గొట్టాల గుండా కణాలను, ఆల్జినేట్ జెల్‌ను పంపి, మీటరు పొడవు కణతంతువులు తీసింది. నాకు అన్నిటికంటే నచ్చిన మలుపు ఇదే.

మన హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు చవక స్టెంట్ తయారుచేశారు. అది పాత నాళాన్ని తెరిచి ఉంచేదే, కొత్త నాళం కాదు. 2022లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియా చేసి కుందేలు కంట్లో అమర్చాయి. కార్నియాలో రక్తనాళాలుండవు. కిడ్నీకి ఆ వెసులుబాటు లేదు.

2024 డిసెంబరులో అమెరికా ఒక కణనిర్మిత నాళానికి, గాయాల చికిత్స కోసం అనుమతినిచ్చింది. అదీ చిప్‌లో పుట్టింది కాదు. చిప్ నాళాలకు ముందు దక్కే పని మందుల పరీక్షే. 2023లో సవరించిన మన ఔషధ నిబంధనలు అందుకు దారి తెరిచాయి. రోగి చేతిలోకి రావడానికి వాటికి ఇంకా చాలా కాలం పడుతుంది.