జపాను సారథి టకుమా సాటో



బడిలో చరిత్రమును, భాషను చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను నేను. కారు తోలుట నాకు రాదు. అట్టివాడు మోటారు పందెములగూర్చి ముచ్చటించుట యేమని మీకు తోచవచ్చును. కాని నలోపాఖ్యానము విన్న మనకు ఈ ప్రసంగము క్రొత్తది గాదు. బాహుకుడను మాఱుపేరుతో కొలువు చేయుచున్న నలుడు ఋతుపర్ణుని రథమును ఒక్క పగటిలో విదర్భకు జేర్చెనని విన్నప్పుడు, మనము గుఱ్ఱములకంటె సారథినే గదా మెచ్చుకొందుము. నేడు చెప్పబోవునది అట్టి సారథి యొకని చరిత్రము. సాహసమునకును దుడుకుతనమునకును నడుమ గీత యెక్కడ నున్నదను ప్రశ్న యిందులో నున్నది.

టకుమా సాటో 1977 జనవరి 28వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. పదియేండ్ల ప్రాయమున, 1987లో, జపానులోని సుజుకా యను చోట జరిగిన ఫార్ములా వన్ పందెమును చూచెను. దేశదేశములందు జరుగు కారు పందెములలో మిన్నగా నెంచబడునది యిదియే. ఆ దినమున బ్రెజిలు దేశీయుడగు ఐర్టన్ సెన్నా వెనుకనుండి ఒక్కొక్కరినే దాటి వచ్చి రెండవవాడుగా ముగించెను. ఆ దృశ్యము బాలుని మనస్సున నాటుకొనెను.

అయినను త్రోవ దొరకుటకు చాలకాలము పట్టెను. ఈ విద్యలో రాణించినవారిలో పెక్కురు పసితనముననే చిన్న బండ్లపై అభ్యాసము మొదలిడుదురు. సాటో మాత్రము సైకిలు పందెములలో పేరు గడించి, మోటారు పందెములకు వచ్చునప్పటికి 19 ఏండ్లవాడు. సుజుకాలోని శిక్షణశాలలో చేరి, 1997లో విద్యార్థివేతనము గెలుచుకొని, మఱుసటి యేట ఇంగ్లండునకు బోయెను. ఆ దేశపు భాషను నేర్చుచునే విద్య నభ్యసించి, 2001లో బ్రిటిషు ఫార్ములా త్రీ పోటీలలో ప్రథముడయ్యెను. అంతకుముందు జపాను దేశీయు డెవ్వడును ఆ గౌరవమును పొందియుండలేదు.

ఇచ్చట నొక మాట దాచక చెప్పవలయును. నేను పనిలో నున్న కాలమున, ఇరువదియేండ్ల యువకు డొకడు సంస్కృతము నేర్పుమని నాకడకు వచ్చెను. "నాయనా, అదను దాటినది" అని చెప్పి పంపివేసితిని. అతడు మరల రాలేదు. సాటో చరిత్రము చదివిననాడు ఆ యువకుని ముఖము నా కన్నులయెదుట నిలిచినది.

2002లో సాటో ఫార్ములా వన్‌లో ప్రవేశించెను. ఆ యేటనే ఆస్ట్రియాలో వేఱొక కారు వచ్చి అతని కారు ప్రక్కను ఢీకొనగా ప్రాణములతో బయటపడెను. ఏడాది చివర సుజుకాలో, తాను బాలుడుగా చూచిన బాటపైననే, ఐదవవాడయ్యెను. 2004 జూన్ 20న అమెరికాలోని ఇండియానాపోలిసున మూడవ స్థానము లభించెను. 1990లో అగురి సుజుకి పొందిన మూడవ స్థానము తరువాత, ఫార్ములా వన్‌లో మొదటి మువ్వురిలో నిలిచిన రెండవ జపాను దేశీయు డితడే.

మెప్పుతోబాటు నిందయు వచ్చెను. సందు కనబడినంతనే చొరబడునని, ఓర్పు లేదని పలువు రాక్షేపించిరి. 2005లో ఏడాది యంతటికిని ఒక్క పాయింటు మాత్రమే దక్కెను. 2006లో అగురి సుజుకి స్థాపించిన జట్టున చేరెను గాని, 2008లో ధనము చాలక ఆ జట్టు నడుమనే విరమించెను. అప్పటి కతని వయస్సు 31 ఏండ్లు.

2010లో అతడు అమెరికా పందెములకు తరలెను. అచ్చటి పందెములకు తలమానికము ఇండియానాపోలిస్ 500. ఇది 1911లో మొదలైనది. రెండున్నర మైళ్ల బాటపై 200 చుట్లు, మొత్తము 500 మైళ్లు. ముప్పదిమూడు కార్లు గంటకు ఇంచుమించు 350 కిలోమీటర్ల వేగమున ఒకదాని నొకటి ఒరసికొనునట్లు పరుగిడును.

2012లో ఆ పందెమున కడపటి చుట్టు వచ్చెను. ముందు డారియో ఫ్రాంకిట్టి, వెనువెంటనే సాటో. మొదటి మలుపున సాటో లోపలి ప్రక్కకు చొచ్చెను. సందు చాలలేదు. కారు గిఱ్ఱున తిరిగి గోడను కొట్టుకొనెను. ఊరకున్నచో రెండవ స్థానము చేతిలోనిదే. లెక్కకు వచ్చినది 17వ స్థానము. ఇది సాహసమా, దుడుకుతనమా? నేనైతే ఆనాడు దుడుకుతనమనియే తీర్పు చెప్పియుందును.

కాని చరిత్రము ఆ గోడకడ ముగియలేదు. 2013లో లాంగ్ బీచి పందెమును గెలిచి, ఆ పోటీలలో విజయము నందిన తొలి జపాను దేశీయుడయ్యెను. 2017 మే 28న ఇండియానాపోలిసులో, అదివఱకే మూడుమార్లు గెలిచిన హీలియో కాస్ట్రోనెవెసును ఐదు చుట్లు మిగిలియుండగనే దాటెను. కాస్ట్రోనెవెస్ మరల ముందునకు రాజూచినను చోటీయలేదు. ఒక్క సెకండులో ఐదవ వంతు తేడాతో గెలుపు సాటోది. ధైర్యము వెనుకటిదే, ఈమాఱు దానిని కడపటి చుట్టువఱకు దాచుకొనలేదు. అప్పటి కతనికి 40 ఏండ్లు.

అచ్చట గెలిచినవాడు పాలు త్రాగుట ఆచారము. 1936లో లూయీ మేయరను విజేత, ఎండనబడినప్పుడు మజ్జిగ మంచిదని తల్లి చెప్పిన మాట చొప్పున, గెలిచినంతనే మజ్జిగ త్రాగెనట. దానినుండియే పాల యాచారము పుట్టినది. ఆ తల్లి మన యూరిదే యనిపించును గదా!

2020 ఆగష్టు 23న, అంటువ్యాధి మూలమున చూపరు లొక్కరును లేని బాటపై, 43 ఏండ్ల సాటో రెండవమాఱు గెలిచెను. లక్షలమంది కేకలు వేయవలసిన చోట ఆసనములన్నియు శూన్యములు. గెలుపు మాత్రము గెలుపే.

నలుడు త్రోవలో తాండ్రచెట్టు క్రింద రథము నాపి కాయలు లెక్కించియు వేళకు విదర్భ జేరెను. వేగము గుఱ్ఱములది, వేళ నెఱుగుట సారథిది. ఆ యెఱుక సాటోకు గోడను తాకిన పిదపనే పూర్తిగా అబ్బినదని నా తలంపు. కనుక నేర్చుకొనవచ్చినవానికి అదను దాటినదని నావలె తొందరపడి చెప్పకుడు. ఓడినవానిపై ఓడిననాడే తీర్పు వ్రాయకుడు.

ఇక సెలవు.